చింతపండు పెట్టి తోమిన బిళ్ళలు

రాస్తున్నావా బిడ్డా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించు, నా మాట నాకే వినబడటం లేదు. ఒక మాట ముందే చెబుతున్నా. నేను చెప్పేదంతా నువ్వు పుస్తకాల భాషలోకి దిద్దుకుంటావని నాకు తెలుసు. దిద్దుకో. మనుషులు అన్న మాటలు మాత్రం ముట్టకు. ఎవరు ఎట్లా అన్నారో అట్లాగే ఉండాలి.

పొద్దున నువ్వు పాలకు పోయి ఉత్త చేతులతో తిరిగొచ్చావు చూడు, అక్కడ మొదలైంది ఇదంతా. పది రూపాయల బిళ్ళ ఇస్తే దుకాణం ఆయన "చెల్లది, నోటు తే, లేకుంటె ఫోన్ల కొట్టు" అన్నాడట. నువ్వు కోపంగా ఆ బిళ్ళను బల్ల మీద పడేశావు. అది గిరగిరా తిరిగి తిరిగి పడుకుంది. ఆ చప్పుడుకు నాకు మీ చిన్నతాత గుర్తొచ్చాడు. ఆయనే ఉంటే దాన్ని తీసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్ది, "చెల్లకపోతె ఏమాయె వదినా, మంచిగనే ఉన్నది గద" అనేవాడు.

పేరు రాయకు. పేరు రాస్తే మానుకోటలో ఎవరికీ తెలియదు. "గిర్నాయిన" అంటే అందరికీ తెలుసు. కురవి పోయే దారిలో మన పిండి గిర్ని ఉండేది కదా, దాన్ని నడిపింది ఆయనే. మీ తాతకు తమ్ముడు, నాకు మరిది. నేను ఈ ఇంటికి వచ్చిన రోజు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. జుట్టు తెలుపు, కనుబొమ్మలు తెలుపు, చెవుల మీద వెంట్రుకలు కూడా తెలుపు. అయ్యో, ఈ ఇంట్లో ఇంత ముసలాయన ఉన్నాడని నాకు ఎవరూ చెప్పలేదే అనుకున్నాను. తలంటు పోసుకుని వచ్చాక చూస్తే నాకన్నా చిన్నవాడు! అదంతా పిండి.

గిర్ని చప్పుడులో బతికిన మనిషి, మెల్లగా మాట్లాడటం రాదు. ఇంట్లో ఉప్పు అడిగినా వీధి చివరికి వినిపించేది. గిర్నికి వచ్చిన ప్రతివాళ్ళనూ "మెత్తగనా, బరకగనా?" అని అడిగి అడిగి, ఆ మాట ఆయనకు ఊతపదం అయిపోయింది. ఎవరైనా ఊరి నుంచి వస్తే "ప్రయాణం మెత్తగనా, బరకగనా?" చుట్టాలింట్లో పెళ్ళికి పోయి వస్తే "పెండ్లి మెత్తగనా, బరకగనా?" నాకు మోకాళ్ళ నొప్పులు మొదలైనప్పుడు కూడా అదే మాట. నేను "బరకగనే ఉన్నది నాయినా" అంటే వేడినీళ్ళు పెట్టి ఇచ్చేవాడు. తన పెళ్ళి మాట ఎత్తితే మాత్రం "గిర్ని ఆగినంక మాట్లాడుదాం" అనేవాడు. గిర్ని ఎప్పుడు ఆగాలి?

ఆ వేళ్ళ సంగతి రాశావు కదా? పిండి ఎట్లా పడుతుందో చూడటానికి కింద చెయ్యి పెట్టి, చిటికెడు తీసి రెండు వేళ్ళ మధ్య రుద్దేవాడు. కళ్ళతో చూసేవాడు కాదు. అది ఎంత అలవాటైందంటే, అంగడిలో గుడ్డ కొన్నా రుద్దటమే, ఆకుకూర కొన్నా రుద్దటమే. ఒకసారి మన ఇంటికి వచ్చిన స్వామీజీ విభూతి ఇస్తే నుదుటికి పెట్టుకోకముందు రుద్ది "బరకగ ఉన్నది సామీ" అన్నాడు. ఆ స్వామీజీ మళ్ళీ రాలేదు.

ఇక బిళ్ళల సంగతి. మీ చిన్నతాతకు ఏ పనీ చివరిదాకా పట్టలేదని మీ తాత తిట్టేవాడు. రేడియోలు విప్పటం నేర్చుకున్నాడు, బిగించటం సగంలో వదిలాడు. చదరంగం మొదలుపెట్టాడు, గుర్రం పోయిందని మానేశాడు. ఆ తర్వాత బిళ్ళలు. రాజు తల ఉన్న వెండి రూపాయి, నిజాం కాలపు చార్మినార్ బిళ్ళ, చిల్లు పైస, దుబాయి నుంచి వచ్చిన ఎవరో ఇచ్చినవి, ఏ దేశంవో కూడా తెలియనివి. అన్నీ ఒక పచ్చడి జాడీలో. మీ తాత భూపాలపల్లి బొగ్గు గనిలో పని చేసి వారానికి ఒకసారి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా ఆ జాడీని చూసి ఒకటే మాట: "నీకు దిక్కు దివాణం లేదురా. ఒక్కటన్న కడదాక పట్టుకపోరా!" తమ్ముడు నవ్వి ఊరుకునేవాడు. కానీ ఆ పూట అన్నం తక్కువ తినేవాడు. అది నేను చూశాను, మీ తాత చూడలేదు.

ఒక దీపావళికి నాకు బుద్ధి పుట్టింది. లక్ష్మి ముందు ఆ బిళ్ళలన్నీ పోస్తే ఎంత కళగా ఉంటుంది అనుకున్నాను. నల్లగా, జిడ్డుగా ఉన్నాయి పాపం. చింతపండు నానబెట్టి, పొయ్యిలో బూడిద కలిపి, పీచు పెట్టి పొద్దంతా తోమాను. చేతులు పగిలాయి. తళతళా మెరుస్తున్నాయి. తాంబాళంలో పోసి, మరిది అన్నానికి వస్తాడని గుమ్మం ముందు పెట్టాను, చూసి సంబరపడతాడని.

వచ్చాడు. చూశాడు. అరిచే మనిషి అరవకపోతే ఎంత భయం వేస్తుందో నీకు తెలియదు. మెట్టు మీద కూర్చున్నాడు. ఒక బిళ్ళ తీసి రుద్దాడు, పెట్టేశాడు. ఇంకోటి తీసి రుద్దాడు, పెట్టేశాడు. పిండి మొహం మీద రెండు చారలు కనిపించాయి.

"ఏమైందయ్యా?" అన్నాను.

"చెమట" అన్నాడు. "ఉక్కపోస్తున్నది వదినా."

తర్వాత తెలిసింది, పాత బిళ్ళలను తోమకూడదట. ఆ నలుపే వాటి వయసట. తోమితే ఎవరూ ముట్టుకోరట. నాకేం తెలుసు? మన ఇళ్ళలో పండగొస్తే దేవుణ్ణి కూడా చింతపండుతోనే తోముతాం కదా! ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "నువ్వు మంచికే చేసినవు గద" అని చల్లటి అన్నం తినేసి గిర్నికి పోయాడు.

ఆ నెలలోనే జనగామలో బిళ్ళలు పోగుచేసేవాళ్ళ కూడిక ఉంది, ఏటా జరిగేది. ఎవరివి వాళ్ళు తెచ్చి ఒక హాల్లో బల్లల మీద పెట్టి చూపించుకుంటారు. మీ చిన్నతాత ఎప్పటి నుంచో పోవాలనుకుంటున్నాడు. నేనూ పోయాను, తోమింది నేనే కాబట్టి. పచ్చడి జాడీ ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాం. అక్కడ ఒక పెద్దమనిషి ఉన్నాడు, కంటికి భూతద్దం బిగించుకుని. ఆయన ఏది బాగుందంటే అది బాగున్నట్టు. మా బిళ్ళలు అలా ఒకసారి కలియబెట్టి చూసి, అద్దం తీసేశాడు.

"ఎవరు తోమిన్రు వీటిని?"

"నేనే సార్, చింతపండు పెట్టి" అన్నాను.

హాలంతా నవ్వింది. "నువ్వు గిన్నెలు మస్తు తోముతవు కావచ్చు గని అమ్మా, గివి గిన్నెలు కావు" అన్నాడు. తర్వాత మరిది వైపు తిరిగాడు. "నువ్వు దేశాలన్ని ఏరుతవు, రాజులనందర్ని ఏరుతవు. గిట్ల ఏరితె అంగడి అయితది. ముందుగాల ఒక దిక్కు పట్టుకో. ఏం ఏరుతున్నవో నీకు ఎరుకుండాలె గద?"

ఆయన చెడ్డగా అనలేదు బిడ్డా, నిజమే చెప్పాడు. కానీ మీ తాత అన్న మాటే మళ్ళీ పరాయి ఊళ్ళో, అందరి ముందు వినిపించింది. తిరుగు బస్సులో మరిది జాడీని ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. తొర్రూరులో బస్సు ఆగినప్పుడు నేనే అడిగాను: "మెత్తగనా, బరకగనా?"

కిటికీలోంచి చూస్తూ "రాళ్ళున్నయి వదినా" అన్నాడు.

తర్వాత కొన్ని రోజులకు మధ్యాహ్నం పూట కరెంటు పోయింది. గిర్ని ఆగింది. నేను అన్నం గిన్నె తీసుకుని పోయేసరికి కళ్ళు మూసుకుని తాంబాళం ముందు కూర్చున్నాడు. రెండు వేళ్ళు ఆడుతున్నాయి. ఒక బిళ్ళ కుడిపక్కకు, ఇంకో బిళ్ళ ఎడమపక్కకు.

"వదినా, జర ఇటు రా. కండ్లు మూసుకో."

మూసుకున్నాను. నా చేతిలో ఒక వెండి రూపాయి పెట్టాడు. "అంచు మీద పోనియ్యి వేలు. ఆగు. గాడ. తగిలిందా?"

తగిలింది. చిన్న గుబ్బ. ఆవగింజంత.

"అతుకు. దీనికి కొక్కెం పెట్టి మెడల ఏసుకున్నరు. తర్వాత కొక్కెం ఊడబీకిన్రు. ఇప్పుడు రెండు దిక్కుల చూడు. ఒక దిక్కు మెత్తగ అరిగింది, ఇంకో దిక్కు బొమ్మ బరకగనే ఉన్నది. గిర్ని రాయి ఎటు ఒరుగుతదో అటే అరుగుతది వదినా, నాకు ఎరుకలేదా? మెత్తగున్న దిక్కు మనిషి ఒంటికి ఆనుకున్నది."

నేను కళ్ళు తెరిచాను. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. "గివి బజార్ల తిరిగిన బిళ్ళలు కావు. మనుషుల మీద బతికిన బిళ్ళలు. జిడ్డు కింద ఈ అతుకు నాకు ఇన్నేండ్లు దొరకలే. నీ చింతపండే చూపెట్టింది."

ఆ రోజు ఆయనకు దిక్కు దొరికింది. మనిషి ఒంటి మీద బతికిన గుర్తు ఏదో ఒకటి ఉన్న బిళ్ళే ఉంచుకుంటాడు. అతుకు గానీ, చిల్లు గానీ, తాడు ఒరిపిడి గానీ. ఏ రాజుదైనా సరే. మిగతావన్నీ తీసుకుపోయి బడిలో సోషల్ సారుకు ఇచ్చి వచ్చాడు. జాడీ నిండా ఉన్నది పోయి ఒక పిడికెడు మిగిలింది. ఆ జాడీలో నేను మళ్ళీ మామిడికాయ పెట్టాను. గిర్ని పాత తొట్టి చెక్క ఒకటి తీసి, నల్లగుడ్డ పరిచి, ఒక్కో బిళ్ళ చుట్టూ మూడు చిన్న మేకులు కొట్టి బిగించాడు. కింద పలక మీద రాసినట్టు గుండ్రటి అక్షరాలతో రాశాడు: "మెడది." "నడుముది." "చంటిపిల్ల మొలతాడుది."

ఇక కొత్తవాటి కోసం వెతకటం మొదలైంది. గిర్నికి చుట్టుపక్కల తండాల నుంచి ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. పాత తరం వాళ్ళ మెడల నిండా, జడల నిండా బిళ్ళలే. మీ చిన్నతాతేమో ఆకలిగా ఉన్నవాడు అన్నం వైపు చూసినట్టు చూసేవాడు. పైగా ఆ గొంతు! "అవ్వా, నీ మెడల ఉన్నది జర చూపెట్టు!" అని గిర్ని చప్పుడు మీద అరిస్తే ఎవరు ఊరుకుంటారు? వారం తిరగకముందే "గిర్నాయిన ఆడోళ్ళ మెడలు చూస్తుండట" అని భూపాలపల్లి దాకా పోయింది మాట. మీ తాత పని రోజు మానుకుని దిగాడు.

"ఈ వయసుల గిదేం పనిరా? సిగ్గున్నదా?"

"నేను బిళ్ళలు చూస్తున్ననే అన్నా!"

"బిళ్ళలు ఏడున్నయిరా? మెడలనే గద ఉన్నయి!"

నాకు నవ్వు ఆగలేదు. కానీ మీ తాత మొహం చూసి నవ్వు మింగేశాను. "ఇగ నుంచి నేనడుగుత. ఆయన గిర్ని చూసుకుంటడు" అన్నాను. అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం గిర్నిలో గోడకు ఆ చెక్క ఆనించి, పక్కన పీట వేసుకుని నేను కూర్చునేదాన్ని.

ఆ చెక్క నడిమధ్యలో ఒక వెండి రూపాయి ఉండేది. దాని అంచు మీద అతుకుతో పాటు నాలుగు గాట్లు. మూడు పక్కపక్కన, నాలుగోది ఎడంగా. మానుకోట అంగడిలో పాత వెండి అమ్మేవాడి దగ్గర దొరికింది. మరిదికి అదంటే ప్రాణం. "గిది రాజుల ఖజానా గుర్తు" అని అందరికీ చెప్పేవాడు. ఎవరు చెప్పారయ్యా నీకు అంటే "నాకే తోచింది" అనేవాడు. దాన్ని చూపించి ఈసారి జనగామలో ఆ పెద్దమనిషి చేత ఔననిపించాలని ఏడాదిగా రోజులు లెక్కపెడుతున్నాడు. ఆ కూడిక ఇంకో పది రోజులుందనగా కొత్తగూడ వైపు తండా నుంచి ఒకామె మక్కలు పట్టించుకోవడానికి వచ్చింది. కూతురి ఇంటికి వచ్చిందట. ఇంచుమించు నా ఈడే. మెడలో ఏమీ లేదు. చెక్కకు దూరంగా నిలబడి, దాని వైపు చూడకుండానే మాట్లాడింది.

"మా యాడికి గిసొంటి బిళ్ళల పేరుండె అక్కా."

వాళ్ళ భాషలో యాడి అంటే అమ్మ. మెడలో వేసుకునే ఆ బిళ్ళల దండ అమ్మకు జబ్బు చేసినప్పుడు తెగిపోయిందట, అంటే అమ్ముకున్నారు. అన్నీ పోయాయి.

"ఇప్పుడు చూస్తె గుర్తుపడతవా?" అని నేను ఊరికే అడిగాను.

"చూసుడెందుకు, గుడ్డిగ గుర్తుపడత. ఇంట్ల ఒక మనిషి పెరిగినప్పుడల్ల మా యాడి నడిమి బిళ్ళ అంచుకు ఒక గాటు పెట్టిస్తుండె. మా బాపును చేసుకున్నప్పుడొకటి. మా అన్నలిద్దరికి రెండు. మస్తు ఏండ్లకు నేను పుట్టిన. మూడు పక్కపక్కపొంటి ఉంటయి, నాదొక్కటి ఎడంగ ఉంటది."

నేను మరిది వైపు చూశాను. ఆయనకు వినిపించిందో లేదో అనుకున్నాను, అంత చప్పుడులో. గిర్ని ఆగింది. కరెంటు పోలేదు, ఆయనే ఆపాడు. మక్కలు ఇంకా తొట్టిలో ఉన్నాయి. ఇరవై ఏళ్ళలో గింజ ఉండగా గిర్ని ఆపటం నేను చూడలేదు.

వచ్చి చెక్క ముందు నిలబడ్డాడు. చాలాసేపు. ఇయ్యి అనటానికి నేనెవరిని? ఆ ఒక్క బిళ్ళ కోసం ఆయన ఎన్ని మాటలు పడ్డాడో నాకు తెలుసు. జనగామలో చూపించడానికి ఇంకేముంది? ఆయన గోరుతో మేకు వంచి, బిళ్ళ తీసి, ఆమె అరచేతిలో పెట్టాడు.

ఆమె నిజంగానే కళ్ళు మూసుకుంది. గోరు అంచు మీద పోయింది. ఒకటి, రెండు, మూడు. ఆగింది. తర్వాత ఎడంగా ఉన్న ఆ నాలుగోదాంట్లో గోరు పెట్టి అక్కడే ఉంచేసింది. ఏదో అంది, తన భాషలో. అర్థం మేం అడగలేదు. కాసేపటికి "ఎంతియ్యాలె అన్నా?" అంది.

"మక్కలు పట్టించినదానికియ్యి" అన్నాడు మీ చిన్నతాత. మళ్ళీ గిర్ని వేసి, ఆ చప్పుడులోంచి అరిచాడు: "మెత్తగనా, బరకగనా?"

ఆ ఖాళీలో ఇంకో బిళ్ళ పెట్టమంటే వినలేదు. మూడు మేకులు అట్లాగే ఉంచి, కింద రాశాడు: "ఇంటికి పోయింది."

ఆ ఆదివారం మీ తాత వచ్చి చూసి తల పట్టుకున్నాడు. "ఏరుడెందుకు, ఇచ్చుడెందుకురా? నడిమిట్ల బొక్క పెట్టుకొని జనగామల ఏం చూపెడతవు?"

"బొక్కనే చూపెడత" అన్నాడు తమ్ముడు. "నువ్వే అన్నవు గద అన్నా, ఒక్కటన్న కడదాక పట్టుకపొమ్మని. ఇదే. ఎవరిది ఎవరికి దొరికితె వాళ్ళకిచ్చుడే."

చూపించాడు కూడా. జనగామలో ఆ భూతద్దం ఆయన వచ్చి, నడిమి ఖాళీ చూసి, "బిళ్ళ ఏది?" అన్నాడు. నేను చెప్పాను, నాలుగు గాట్ల సంగతి మొత్తం. మరిదిని చెప్పనివ్వలేదు, అరుస్తాడని. ఆయన విన్నాడు. కంటి అద్దం తీసి జేబులో వేసుకున్నాడు. మా చెక్కను తానే ఎత్తుకుపోయి గుమ్మం ఎదురుగా, లోపలికి వచ్చేవాళ్ళకు మొదట కనిపించే బల్ల మీద పెట్టాడు. తర్వాత నా దగ్గరకొచ్చి, "అమ్మా, ఈసారి ఏం తోమలేదు గద?" అన్నాడు. "నా మరిదిని తోమి తీసుకొచ్చిన సార్" అన్నాను. ఈసారి హాలు నవ్వితే నేనూ నవ్వాను.

అన్నిటికన్నా పెద్దది ఇంకా చెప్పలేదు. ఆ తర్వాత ఒక వారం మీ తాత భూపాలపల్లి నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా జేబులోంచి దస్తీ తీశాడు. ముడి విప్పాడు. ఒక పాత అర్ధరూపాయి.

"బస్టాండ్ల ఒకడు అమ్ముతుండె. అంచుకు అతుకు ఉన్నది, వేలు పెట్టి చూసిన. నీ దాంట్ల పడతదా చూడు" అని, సమాధానం కోసం ఆగకుండా కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు. మరిది ఆ బిళ్ళను రుద్దుతూ గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆ పూట మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

తర్వాత ఏళ్ళల్లో చాలా పోయాయి ఇళ్ళకు. కొత్తవి వచ్చేవి, పాతవి పోయేవి. ప్రతి ఖాళీ కింద అదే మాట. ఎంత ఖాళీ అయితే ఆయనకు అంత గర్వం. చుట్టాలొస్తే ఉన్నవాటిని కాదు, లేనివాటిని చూపించేవాడు. "గిది కురవి పోయింది. గిది కాళేశ్వరం పోయింది, వాళ్ళ మనుమరాలు వచ్చి తీస్కపోయింది." మీ తాత పోయాక కూడా ఆ అర్ధరూపాయిని మాత్రం ఎవరూ గుర్తుపట్టలేదు. అది ఇప్పటికీ ఉంది. పోకుండా ఉంటే బాగుండునని ఆయన లోపల అనుకున్నాడేమో, నాకు చెప్పలేదు.

పోయిన వానాకాలంలో ఆయనా పోయాడు. దవాఖానలో రెండు రోజులే. దశదినకర్మ రోజు ఇంటి నిండా జనం. వాళ్ళలోంచి ఒకామె కర్ర పట్టుకుని మెల్లగా నా దగ్గరకొచ్చింది. నాకు చూపు తగ్గింది కదా, మనిషిని పోల్చలేదు. ఆమె మెడలోంచి తాడు తీసి, బిళ్ళను నా చేతిలో పెట్టింది.

"కండ్లు మూసుకో అక్కా" అంది.

మూసుకున్నాను. అంచు మీద వేలు పోనిచ్చాను. ఒకటి, రెండు, మూడు, పక్కపక్కన. ఎడంగా నాలుగోది. నాలుగూ మెత్తగా అరిగిపోయి ఉన్నాయి. దాటి ఇంకొంచెం ముందుకు పోతే గోరుకు ఏదో గట్టిగా తగిలింది. ఐదో గాటు. అది ఇదివరకు లేదు.

"గిది గిర్ని అన్నది" అంది ఆమె.

బరకగా ఉంది బిడ్డా. ఇంకా చాలా బరకగా ఉంది.